ఎదురింటామె భయం

పోయిన వారం మా ఇంటికి ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో ఫోను, మెడలో గుర్తింపు కార్డు. ఏదో సర్వే అంది. తిరుపతిలో మా వీధికి ఇలాంటివాళ్లు వస్తూనే ఉంటారు. నాలుగు ప్రశ్నలయ్యాక, "ఇంట్లో ఫ్రిజ్ ఉందా మేడమ్?" అని అడిగింది. "లేదమ్మా" అన్నాను. నా వెనకాలే, కళ్లకు కనపడేంత దూరంలో, ఫ్రిజ్ గుర్రుమంటూ ఉంది. ఆ పిల్ల దాన్ని చూసింది, నన్ను చూసింది, మొహమాటపడి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయింది.

నేను గవర్నమెంటు టీచర్ని. జీతం వస్తుంది, పన్ను కడతాను. నాకు బియ్యం కార్డూ లేదు, అది పోతుందన్న దిగులూ లేదు. ఫ్రిజ్ ఉందని చెప్తే నా కొంపేమీ మునగదు. అయినా గేటు తీసిన చప్పుడు వినగానే నా చూపు ముందు ఆ అమ్మాయి కాళ్ల మీదికి పోయింది. చెప్పులా, బూట్లా అని చూశాను. బూట్లే. ఇక అబద్ధం దానంతటదే నోట్లోంచి వచ్చేసింది. తలుపేసుకున్నాను. నా మీద నాకే నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. కాళ్లు చూసి మనిషిని పోల్చే ఈ అలవాటు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. నగరిలో మా ఎదురింటామె దగ్గర అంటుకుంది.

నగరిలో పనిచేసినప్పుడు మేము మరమగ్గాల వీధిలో అద్దెకుండేవాళ్లం. పొద్దున మొదలైతే రాత్రి దాకా టకటకమనే మోత. పక్కవాళ్లకు మాట వినపడాలంటే అరవాల్సిందే. ఆ వీధిలో పుట్టిన పిల్లలకు గొంతు తగ్గించడం తెలియదు. ఆమె ఒక్కతే ఎప్పుడూ అరిచేది కాదు. దగ్గరికొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గుసగుసగా చెప్పేది. సగం మాటలు మగ్గాల మోతలో కలిసిపోయేవి. నేను "ఏంటండీ?" అని గట్టిగా అడిగితే బెదిరిపోయి వీధి రెండు వైపులా చూసేది.

మేము సామాన్లు దించిన రోజే వచ్చింది. సన్నగా, పొట్టిగా, చీర కుచ్చెళ్లకు దూది నూగు అంటుకుని ఉంది. మగ్గాల మీద తెగిన పోగులు అతికే పని ఆమెది. నా మొహం చూడలేదు, కాళ్లు చూసింది. బూట్లుంటే ఆఫీసు మనిషని ఆమె లెక్క.

"ఆఫీసు మనుసులా మీరు?"

"బడి టీచర్నండీ."

"బడంటే... గవర్నమెంటే కదా" అని వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్లు నన్ను చూస్తే తలుపు చాటుకు పోయేది. ఒకరోజు నేను గ్యాస్ బండ తెచ్చినవాడితో వీధిలో పెద్ద గొడవ పెట్టుకున్నాను. నా నోరు మంచిది కాదు, మా ఆయన కూడా ఆ మాటే అంటాడు. ఆ సాయంత్రం ఆమె గిన్నెలో చింతచిగురు పప్పు పట్టుకుని వచ్చింది. అంత నోరున్న మనిషి చాటుగా ఎవరి మీదా ఆఫీసుకు రాసివ్వదని ఆమెకు నమ్మకం కుదిరిందట. నాకు దొరికిన మెచ్చుకోళ్లలో ఇంత వింతది మరొకటి లేదు.

పప్పు గిన్నె వెనకాల అసలు సంగతి ఉంది. ఆమె భర్త మరమగ్గాల మీదే బతుకంతా గడిపినవాడు. రెండు కిడ్నీలూ పోయాయి. వారంలో కొన్ని రోజులు తిరుపతి ఆసుపత్రికి బస్సులో పోయి, గంటల తరబడి రక్తం శుభ్రం చేయించుకుని వస్తేనే మనిషి నిలబడతాడు. ఆ వైద్యమంతా బియ్యం కార్డు మీద ఉచితం. కార్డు లేకపోతే ఆ ఇంటికి అది తాహతుకు మించిన మాట. "కార్డుండేదాకా ఆయనుంటాడు టీచరమ్మా" అని చెప్పింది. ఏడవలేదు, మామూలుగానే చెప్పింది. అందుకే నాకు భయమేసింది.

ఆయన నీళ్లు కొలిచి తాగాలి. నగరి ఎండల్లో అదెంత శిక్షో చెప్పనక్కర్లేదు. దాహమైనప్పుడు ఒక ఐసుముక్క నోట్లో పెట్టుకుంటే కొంత ఊరట. అందుకని కొడుకు ఒక చిన్న ఫ్రిజ్ కొన్నాడు. దాన్ని మా ఇంట్లో పెట్టుకోమని అడగడానికి వచ్చింది ఆమె.

"ఫ్రిజ్ ఉంటే కార్డు తీసేయరండీ. అలాంటి రూలేం లేదు" అన్నాను.

"ఈపొద్దు లేదు. రేపు పెడితే?"

సరే, తెచ్చుకోమన్నాను. మా వంటగదిలో మా ఫ్రిజ్ పక్కన వాళ్ల ఫ్రిజ్ వచ్చి కూర్చుంది. చూసిన చుట్టాలందరూ ఒకటికి రెండెందుకని అడిగేవాళ్లు. ఆమె స్టీలు గ్లాసు తీసుకుని వచ్చేది, ఐసుముక్కలు వేసుకుని కొంగు కప్పుకునేది. దాటాల్సింది ఒక చిన్న వీధి. దొంగసొమ్ము మోసుకుపోతున్నట్టు దాటేది. మా గడప దగ్గర ఆగి, ప్రతిసారీ ఒకే మాట.

"ఎవురన్నా సూసినారా?"

ఆ ఇంట్లో టీవీ మీద ఎప్పుడూ పాత దుప్పటి కప్పి ఉండేది. మిక్సీ బియ్యం డ్రమ్ములో ఉండేది. కొడుకు పెళ్లినాటి పట్టుచీర ఒక్కసారి కట్టి మడత పెట్టిందే. తెలియని మనిషి వీధి మలుపులో కనపడితే చాలు, చెవుల కమ్మలు తీసి నోట్లో వేసుకునేది. ఆ దెబ్బకు అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పలేక తల ఊపుతూ నిలబడేది. పాపం మూగదని సర్వేవాళ్లు అనుకుని ఉంటారు. నేను మొదట్లో ఆమెను బాగా ఏడిపించేదాన్ని. "ఏమండోయ్, బూట్లవాళ్లు వస్తున్నారు" అంటే చేతిలో పని పడేసి లోపలికి ఉరికేది. ఒకసారి అలా ఉరికి, లోపల మంచం మీద భర్త పక్కన కూర్చుని ఆయన చేయి పట్టుకుని ఉంది. కిటికీలోంచి చూశాను. మళ్లీ ఆ పరిహాసం చేయలేదు.

ఆ చేయి పట్టుకోవడం కూడా ఆమెకో అలవాటు. రక్తం తీసి ఎక్కించడానికి వీలుగా ఆయన ఎడమ చేతిలో నరాలు కలిపి కుట్టారు. అక్కడ వేళ్లు ఆనిస్తే లోపల గుర్రుమని అదురుతూ ఉంటుంది. అదురు ఆగితే ప్రమాదమని డాక్టర్లు చెప్పారు. ఆమె నిద్ర లేవగానే, పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, మాటల మధ్యలో, ఊరికే వెళ్లి వేళ్లు ఆనించి చూసేది. "మగ్గం ఆడతా ఉండాది" అనేది. ఆయన నవ్వేవాడు. ఆయన నవ్వడం నేను చూసింది ఆ మాటకే.

నేను చెప్పేది సోషల్. పదో తరగతికి అభివృద్ధి గురించి పాఠాలుంటాయి. ఏ దేశం ఎంత వెనకబడింది, ఎవరిని పేదలనాలి, వాళ్లను ఎలా గుర్తించాలి, ప్రభుత్వాలు ఏం చేయాలి. ఒక సాయంత్రం మా తిన్నె మీద కూర్చుని నేను మర్నాటి పాఠం చూసుకుంటుంటే ఆమె పోగుల ఉండ ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చుంది. ఏం చదువుతున్నారని అడిగింది. దారిద్ర్యరేఖ అంటే ఏమిటో చెప్పాను. ఒక గీత గీస్తారు, దానికి కింద ఉన్నవాళ్లు పేదవాళ్లు, వాళ్లను పైకి తీసుకురావడమే ప్రపంచంలో అన్ని పేద దేశాల పని అని, క్లాసులో చెప్పినట్టే చెప్పాను.

ఒళ్లో ఉండలోంచి ఒక పోగు లాగింది.

"ఆ గీతకు మేం ఎంత కింద ఉండాం టీచరమ్మా?"

"దగ్గర్లోనే ఉంటారనుకుంటా. మీవాడు సంపాదిస్తున్నాడుగా. ఇంకొంచెం అయితే దాటేస్తారు" అని ఉత్సాహంగా అన్నాను. ఏ తల్లయినా సంతోషించే మాటే.

ఆమె చేతిలో పోగు తెగింది. "దాటితే ఆయన సచ్చిపోతాడు కదా" అంది.

ఇరవయ్యేళ్లుగా ఆ పాఠం చెప్తున్నాను. పిల్లలంతా గీత దాటడం గురించే రాస్తారు, మార్కులు వేస్తాను. దాటిపోతానేమోనని వణికే మనిషి గురించి ఏ పుస్తకంలోనూ లేదు, నాకూ అప్పటిదాకా తెలియదు. ఆ మర్నాడు క్లాసులో ప్రశ్నలూ జవాబులూ రాసుకోమని చెప్పి కూర్చున్నాను.

ఇంతలో కొడుకు కారు కొన్నాడు. పాత కారే, అప్పు చేసి కొన్నాడు. యాత్రికులను తిరుపతికి, కాళహస్తికి బాడుగకు తీసుకుపోయేవాడు. మంచి పిల్లవాడు, కష్టపడేవాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు. మేము ఆ వీధికి రాకముందే పెళ్లయింది. ఇంట్లో నాలుగు చక్రాల బండి ఉంటే కార్డు పోతుందన్న రూలు మాత్రం నిజంగానే ఉంది. అద్దెకు తిప్పే బండ్లకు అది వర్తించదని మా స్కూల్లో ఒకాయన అన్నాడు. పరుగెత్తుకుంటూ వచ్చి ఆమెకు చెప్పాను.

"బాడుగ బండికి మినహాయింపు ఉందంటండీ."

"ఉండాదంటనా, ఉండాదా?"

"ఉందనే అంటున్నారు."

"అంట, అంటా ఉండారు అనే మాటలు నమ్మి ఆయన్ని సంపుకోమంటారా?"

వార్డు సచివాలయంలో అడుగుదాం రమ్మన్నాను. అడగడానికి వెళ్తే కారున్న సంగతి మనమే చెప్పినట్టవుతుందని రానంది. అదీ నిజమే మరి. చివరికి ఆమే ఒక ఉపాయం ఆలోచించింది. తల్లీ కొడుకూ వేరుపడిపోవాలి. కొడుకూ కోడలూ వేరే పొయ్యి పెట్టుకుంటే కారు వేరే ఇంటిది అవుతుంది. కానీ కాగితం మీద వేరుపడితే ఎవరు నమ్ముతారు? వచ్చినవాళ్లు ఇరుగుపొరుగును అడుగుతారు. కాబట్టి ఇరుగుపొరుగు కళ్లారా చూడాలి, చెవులారా వినాలి.

"ఆదివారం మేం కొట్లాడుకుంటాం టీచరమ్మా. మీరు అడ్డం రాబాకండి" అని చెప్పి పోయింది. వెనకాల కొడుకు నవ్వుతూ, "మా యమ్మ సినిమా తీస్తా ఉండాదక్కా" అన్నాడు. ఆదివారమే ఎందుకంటే ఆ పూట మరమ్మతులకు కరెంటు తీస్తారు. మగ్గాలు ఆగిపోతాయి. వీధి మొత్తానికి వినపడాలంటే అదొక్కటే సమయం.

ఆ ఆదివారం నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. మొదట్లో నవ్వు ఆపుకోలేకపోయాను. కొడుకు అప్పజెప్పిన పద్యంలా "నేను మిమ్మల్ని సాకలేను, నా బతుకు నేను బతకతా" అన్నాడు. ఆమెకు అరవడం రాదు కదా, నోరు తెరిచింది కానీ గుసగుసే వచ్చింది. జనం తలుపులు తీసి చూస్తున్నారు, ఏమీ వినపడక ముందుకొస్తున్నారు. కొడుకు కళ్లతో సైగ చేశాడు, గట్టిగా అనమని. కోడలు కుండలు బయట పెడుతోంది. ఆ పిల్ల చేతిలోంచి ఒక కుండ జారి పగిలింది.

అప్పుడు ఆమె అరిచింది. ఆ గొంతు అంతకు ముందు ఎవరూ వినలేదు. "నీ పెండ్లాం ఈ ఇంట్లో కాలుపెట్టినాకనే మీ నాయనకు ఈ రోగమొచ్చింది" అంది. ఇది అనుకున్న మాట కాదని కొడుకు మొహం చూస్తేనే తెలిసింది. కోడలు అక్కడే కూలబడింది. కొడుకు ముందుకొచ్చాడు.

"ఆయనొకడి కోసం మేమందురం సావల్లనా?"

వీధిలో ఒక్క మగ్గం కూడా ఆడటం లేదు. ఆ మాట ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వినపడింది. లోపల మంచం మీద ఉన్న ఆయనకూ వినపడి ఉంటుంది.

మధ్యాహ్నం ఐసు కోసం వచ్చింది. "అందురూ నమ్మినారు కదా?" అని అడిగింది. నమ్మారన్నాను. ఆమె ఫ్రిజ్ తలుపు తీసింది. "మావోడు అన్న ఆ మాట... అది అనుకున్నది కాదు."

"మీరన్నదీ కాదు కదా."

"కాదు" అంది. గ్లాసులో ఒక ముక్క వేసుకుని, "ఆయన ఇన్నాడు. ఏమీ అడగలే. ఐసు మాత్రం వొద్దంటా ఉండాడు" అంది. అయినా గ్లాసు నింపుకునే వెళ్లింది.

ఒకటి రెండు నెలలు అలా ఉండి, జనం మరిచిపోయాక మళ్లీ కలిసిపోవాలని వాళ్ల ఆలోచన. ఇంటి మధ్యలో గోడ లేచింది. కోడలు ఇటువైపు పొయ్యి దగ్గరికి మళ్లీ రాలేదు. కొడుకు వీధి చూసుకుని, చప్పుడు కాకుండా వచ్చి, నిలబడే మాట్లాడి వెళ్లేవాడు. రానురాను అదీ తగ్గింది. మళ్లీ కలవచ్చని ఎవరు చెప్పాలి? ఎవరూ చెప్పలేదు. ఆమె భయం అంతకంతకూ పెరిగింది. కొడుకు నవ్వు గోడ అవతల నుంచి వినపడితే కూడా వీధి వైపు చూసేది, ఎవరైనా విన్నారేమోనని.

ఒకసారి తిరుపతి బస్సులో వాళ్లిద్దరి వెనక సీట్లో కూర్చున్నాను. ఆసుపత్రి రోజు. పుత్తూరు దాటాక ఒక కారు హారన్ కొట్టి బస్సును దాటిపోయింది. వాళ్లబ్బాయిదే. లోపల ఎవరో యాత్రికులు. డ్రైవరు సీట్లో వాడు. ఆయన కిటికీలోంచి తల బయట పెట్టి చూడబోయాడు. ఆమె ఆయన గడ్డం పట్టుకుని మొహం లోపలికి తిప్పింది. "అటు సూడొద్దు, మనోడు కాదనుకో" అంది. ఆయన ఎదురు సీటు వీపు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆమె వేళ్లు ఆయన చేతి మీద ఉన్నాయి.

ఆ ఎండాకాలం ఆమె తరచుగా రొమ్ము రుద్దుకునేది. అడిగితే గ్యాస్ అనేది. అంగడిలో మాత్రలు కొనుక్కుని మింగేది. డాక్టరుకు చూపించమంటే "సూపిస్తాం, సూపిస్తాం" అని మాట మార్చేది.

ఆమె ఆసుపత్రిలోనే చనిపోయింది. చూపించుకోవడానికి వెళ్లి కాదు. ఆయనను లోపల మిషను దగ్గర పడుకోబెట్టి, తను ఎప్పటిలా బయట వరండాలో కూర్చుంది. లోపల డాక్టర్లున్నారు, నర్సులున్నారు, మందులున్నాయి. ఆయన చేతికి దూది అదుముకుంటూ బయటికి వచ్చేసరికి, గోడకు ఆనుకుని, అన్నం డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉంది. వేరే ఊరి నుంచి వచ్చిన ఒకావిడ పక్కన ఉందట. ఆవిడే శవం వెంట నగరి దాకా వచ్చి మాకు చెప్పింది.

"పొద్దున్నుంచి నొప్పి అంటానే ఉన్నింది మా. లోపలికి పోదాం రా అని సెయ్యి పట్టుకోని లాగినా. రాలే. ఒక కార్డు మీద ఇద్దురం కనపడకూడదు, కనపడితే లెక్కలు తీస్తారు అనె. అదేం మాటో నాకు అర్థం కాలే."

నాకు అర్థమైంది. ఆ కార్డు మీద ఆమెకూ వైద్యం ఉచితమే. అది ఆమెకు తెలుసు. ఉన్న హక్కు వాడుకుంటే కళ్లల్లో పడతామని, కళ్లల్లో పడితే ఆయనది కూడా పోతుందని అనుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. మనిషిని ఇంత భయపెట్టిందెవరని వేలు చూపిద్దామంటే ఎదురుగా ఒక్కరూ లేరు.

సాయంత్రానికి వీధి నిండింది. మగ్గాలు ఆపేశారు. పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఆ మడత పెట్టిన పట్టుచీర కట్టారు. ముత్తైదువగా పోయింది, అదృష్టవంతురాలు అని ఆడవాళ్లు చెప్పుకుంటున్నారు. ఆయన తిన్నె మీద కూర్చుని ఉన్నాడు. రోజంతా మంచినీళ్లు కూడా ముట్టలేదు.

కొడుకు మా వాకిట్లో స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. ఎదురుగా తల్లి ఉంది, వీధి దాటి వెళ్లడం లేదు. దగ్గరికి పోయి భుజం మీద చేయి వేశాను. వాడు తల్లిలాగే గుసగుసగా అడిగాడు.

"అక్కా, నేను తలకొరివి పెడితే నాయన కార్డుకు ఏమన్నా అయితాదా? ఈడ అందురూ సూస్తారు కదా."

"ఏం కాదు, పో" అన్నాను. కాదని నాకు మాత్రం ఎవరు చెప్పారు?

అప్పుడే కులపెద్ద నిప్పుకుండ సిద్ధం చేసి, "కొడుకేడబ్బా, ముందుకు రమ్మనండి" అని కేకేశాడు. జనం అటూ ఇటూ చూశారు. వాడు వీధిలోకి అడుగు పెట్టాడు. తిన్నె మీది నుంచి ఆయన గోడ పట్టుకుని లేచాడు. కొడుకు వైపు చూడకుండానే, అందరికీ వినపడేలా అన్నాడు.

"కొడుకు లేడు. మేం వేరుపడినాం. నేను పెడతా."

ఆ మాట కార్డు కోసం అన్నాడో, ఆ ఆదివారం విన్న మాటకు జవాబుగా అన్నాడో మా వీధిలో ఎవరికీ తెలియదు. కొడుక్కీ తెలియలేదు. వాడు వీధి మధ్యలో ఆగిపోయి తండ్రి మొహంలోకే చూస్తున్నాడు. ఆయన తల తిప్పలేదు. నిప్పుకుండ ఆయన చేతికే ఇచ్చారు.